అక్షరానికి పద్దెనిమిది రూపాయలు

రాతి మీద చెక్కమని
కాగితం తెచ్చిచ్చారు కమిటీవాళ్లు.
పైన మూడు సింహాలు, కింద తుపాకీ బొమ్మ,
నడుమ ఇట్టా ఉంది:
'ఉదయగిరి దుర్గవీరుల వంశాన పుట్టి
బర్మా యుద్ధంలో కత్తి దూసిన పదకొండుగురు.'

అక్షరాలు లెక్కబెట్టుకున్నా.
అక్షరానికి పద్దెనిమిది, ఒత్తుకి వేరే.
వీరుల మాటల్లో ఒత్తులు బాగానే పడతాయి, గిట్టుబాటే.
పేర్ల దగ్గరికొచ్చేసరికి
ఉలి ఆగింది.

దస్తగిరి.
ఈయన్ని మా తాత ఎరుగు.
కోటలోంచి దిగొచ్చిన వంశం కాదు,
కోట కింద కలివికర్రతో గరిటెలు చెక్కే ఇల్లు.
కొండెక్కేది కట్టె కోసమే.
బర్మా బోయి ఆయన దూసిందల్లా
రెండొందల మందికి పప్పు కలిపే తెడ్డు.
ఒక రేవు దాటేటప్పుడు తుపాకీ చేతికిచ్చారంట.
మడమ గరుగ్గా ఉందని
రాత్రంతా గాజుపెంకుతో గీకుతా కూర్చున్నాడంట.
సార్జెంటు తిట్టాడు.
తెల్లారి తన తుపాకీ కూడా తెచ్చిచ్చాడు.

మాలకొండయ్య.
వరసగా మూడేళ్లు వాన లేదు.
అరవై గొర్రెల్లో తొమ్మిది మిగిలినాయి.
కావలి స్టేషన్ దగ్గర బల్లేసి ఛాతీ కొలుస్తుంటే
పోయి నిలబడ్డాడు.
రెండంగుళాలు తక్కువొచ్చింది,
ఊపిరి బిగబట్టాడు.
'ఆ ఊపిరి వదిలింది రంగూన్‌లోనేరా' అనేవాడంట.
అక్కడ ఆయనకి అప్పజెప్పింది కంచరగాడిదల్ని.
ఒక్కోదానికీ పేరు పెట్టుకున్నాడు,
అన్నీ చచ్చిపోయిన గొర్రెల పేర్లే.

ఇజ్రాయేలు
బూట్ల కోసం పోయాడు.
నవ్వే ముందు మా పెద్దవీధి మొదట్లో కాసేపు నిలబడండి.
వాళ్ల నాయన కుట్టిన చెప్పులు
ఆ వీధిలో అందరి కాళ్లకీ ఉండేవి.
వాళ్ల నాయన చెప్పులు మాత్రం
ఆ వీధిలోకొస్తే చంకలో.
సెలవు మీద వచ్చినప్పుడు ఇజ్రాయేలు
సర్కారు బూట్లేసుకుని, మేకులు రాళ్ల మీద మోగుతుంటే
ఆ చివర నుంచి ఈ చివరదాకా నడిచాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరూ పలకరించనూ లేదు.
మర్నాడు బొగ్గుబస్సెక్కాడు,
మళ్లీ రాలేదు.

'మనది కోట ఊరయ్యా,
పౌరుషం నీళ్లలోనే ఉంది' అంటాడు కమిటీ పెద్ద.
ఆ నీళ్లు లేకనే కదా అయ్యా వాళ్లు పోయింది.

అంతా కూటి కోసమే పోయారని
నేనూ ఒక రాయి చెక్కిపెట్టుకున్నా మనసులో.
దాన్ని పగలగొట్టినవాడు కరణంగారి సుందరశివుడు.
ఎనిమిదెకరాల మాగాణి, మిద్దిల్లు,
వాడికేం తక్కువ?
లెక్కల పరీక్ష తప్పాడు. నాయన బెత్తానికి జడిసి
పేరు మార్చి, కులం మార్చి, సంతకం పెట్టేశాడు.
మద్రాసులో గుమాస్తాగా ఉన్నానని ఇంటికి ఉత్తరాలు.
రాత రాని మనవాళ్లందరి ఉత్తరాలూ వాడే రాసేవాడంట.
అందుకే ఇప్పటికీ మా ఊళ్లో
ఏ ఇంటి ట్రంకుపెట్టె తెరిచినా
అదే గుండ్రటి చేతిరాత, అదే మాట:
'ఇక్కడ అన్నం బాగుంది. దిగులు పడొద్దు.'
కాగితంలో పదకొండో పేరు
'రామస్వామి, ఊరు తెలియదు' అని ఉందే,
అది వాడే.

'వంశం అన్న మాట తీసేద్దామా?' అని అడిగా.
'గరిటెలూ గాడిదలూ అని రాస్తే
ఎవడొచ్చి దండేస్తాడు?' అన్నాడు పెద్ద.
మాట తీసేస్తే నాకే నష్టం,
ఆ సంగతీ చెప్పా.
వినలేదు.

చెక్కిచ్చా. అడ్వాన్సు తిన్నోణ్ణి.
కాగితంలో ఎట్టుంటే అట్టే,
సున్నా కూడా జారకుండా.
కాకపోతే కింద తుపాకీ బొమ్మ ఉంది చూశారా,
దాని మడమ మాత్రం
నిన్న రాత్రంతా కూర్చుని నునుపు చేశా.
దానికి డబ్బులు అడగలేదు.