అడుగువాడు

పదకొండేళ్లుగా ఆగస్టు పదిహేడున
నా చోటు ఇదే:
పోకమాను మొదట్లో, దాన్ని కావలించుకుని,
చెంప దాని నున్నటి ఒంటికి ఆనించి.

బెరడు చెక్కి, మూడు రోజులు ఎండబెట్టి,
పాత ఇంజన్ ఆయిల్లో కొవ్వు కలిపి
మా సందు కుర్రాళ్లు దానికి పూశారు,
పెళ్లికూతురికి నలుగు పెట్టినంత ముచ్చటగా.

పైన, ఎక్కడో, వెదురు చక్రానికి
ఒక సైకిలు, రెండు బాల్చీలు, గొడుగు,
రైస్ కుక్కర్ డబ్బా (ఖాళీదని పుకారు),
అన్నిటికీ మీద ఎరుపూ తెలుపూ గుడ్డ.
ఇదంతా మా ఆవిడ తుకీనా చెబితేనే తెలుసు.
నేను తలెత్తితే నిచ్చెన కూలిపోతుంది.

నా భుజాల మీద కర్నాది,
కర్నాది మీద సప్తోనో,
ఆ పైన వస్కితో, పదహారేళ్లవాడు, మొదటిసారి.
అడుగున ఉన్నవాడు మనుషుల్ని అడుగులతోనే గుర్తుపడతాడు.
రిక్షా తొక్కి తొక్కి పగిలిన మడమ కర్నాదిది.
వస్కితో వణుకు
ఇద్దరు మనుషుల్లోంచి దిగి
నా మెడ దాకా వచ్చి ఆగుతుంది.

సందు చివర పిల్లలు
చేతులు వెనక్కి కట్టించుకుని
దారానికి ఊగే రొయ్యల అప్పడాన్ని
నోటితో అందుకోబోతున్నారు.
మా చిన్నది ఓడినట్టుంది. ఆ ఏడుపు నాకు తెలుసు.
కదల్లేను.

మా తాత చెప్పేవాడు:
ఆ రోజుల్లో దొరలు కుర్చీలు వేయించుకుని
మాను మీద చొక్కాలూ చక్కెర పొట్లాలూ కట్టించి
మావాళ్లు జారిపడుతుంటే
పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లట.
"మరి వాళ్లు పోయాక ఈ మాను ఎందుకు తాతా?"
లవంగాల సిగరెట్టు ఆరిపోయేదాకా ఆలోచించి
"అప్పుడూ పడింది మనమే.
ఇప్పుడు నవ్వేది కూడా మనమే, అంతే" అన్నాడు.
ఆ జవాబు నాకు సగమే నచ్చింది.
మిగతా సగం కోసమేనేమో
ఏటా వచ్చి ఇక్కడ నిలబడతాను.

ఏడుసార్లు జారాం.
ఎనిమిదోసారి, ఉన్నట్టుండి, భుజాలు తేలికయ్యాయి.
పడిపోయారనుకున్నాను.
కాదు. సందంతా ఒక్క గొంతై అరిచింది.
ఆ అరుపు ముందు నా వీపుకి తగిలింది,
వెనకే ఒక బాల్చీ నెత్తికి.

పంపకాల్లో నాకు గొడుగొచ్చింది. ఒక ఊచ విరిగింది.
రాత్రి గిన్నెల సబ్బుతో వీపు రుద్దుతూ తుకీనా
"పైనుంచి ఆ పిల్లాడికి సముద్రం కనబడిందట,
నువ్వు బస్తాలు దించే ఓడ కూడా" అంది.
"ఏ రంగుదట?"
అడగలేదంది.

మర్నాడు సెమరాంగ్ రేవులో
మొదటి బియ్యం బస్తాయే
నా భుజం మీంచి సర్రున జారి నేలమీద పగిలింది.
మేస్త్రీ మా అమ్మ దగ్గర్నుంచి తిట్టడం మొదలెట్టాడు.
తప్పు నాదే. భుజాన నిన్నటి గోనెపట్టానే వేసుకొచ్చాను.
తీసి చూస్తే, జిడ్డులో,
ఐదు వేళ్లతో సహా
కర్నాది పాదం.

నవ్వొచ్చింది.
మేస్త్రీ ఇంకా తిడుతూనే ఉన్నాడు.