అరవై మూడు

చెనిక్కాయ మూడేండ్లు వరసగా ముంచినాక
ఈ కారు సోయా వేసినాను.
బైరెడ్డిపల్లెలో ఎవురూ వేసింది లేదు,
నవ్వేదానికి అందరికీ తీరిక దొరికింది.

మొలిచి మూడాకులైనాక
ఆకు తిప్పి చూస్తే తెల్లదోమ.
తట్టితే లేస్తుంది, బూడిద ఊదినట్టు,
మళ్లా అదే ఆకు కిందికి చేరుతుంది.

తిరుపతి వ్యవసాయ కాలేజీ నుంచి
ఊళ్లో మూడు నెల్లు ఉండేదానికొచ్చిన పిల్ల, ముబీనా,
మందు డబ్బా నా చేతిలోంచి తీసి గట్టు మీద పెట్టింది.
"ముందు లెక్క పెడదాం పెద్దమ్మా" అనింది.

నూనె డబ్బాల రేకులు కత్తిరించినాము.
మస్తాను వాళ్ల తలుపులకు పోను మిగిలిన పసుపు రంగు
రెండు పూతలు. ఆరినాక ఆముదం.
ఎకరాకు పది కట్టెలు, పైరుకు జానెడు ఎత్తున.
పైరు లేచేకొద్దీ రేకునూ లేపాల,
బిడ్డ ఎదిగేకొద్దీ పావడా మడత విప్పినట్టు.

పక్క చేని గురవారెడ్డి గట్టు మీద నిలబడి
"ఏం వదినా, చేనికి పేరంటమా?" అన్నాడు.
పేరంటమే.
పిలవకపోయినా వచ్చినారు.
మూడో పొద్దుకు రేకు నిండా
తెల్లనువ్వులు చల్లినట్టు.

"పసుపంటే వాటికి లేతాకు" అనింది ముబీనా.
"కొత్త చిగురనుకొని వచ్చి వాలతాయి."

ఆ మాట నాకు అక్కడే అంటుకొనింది.
పలమనేరు బస్టాండుకు ఎదురుగా
ఇంత పెద్ద పసుపు బోర్డు.
మెడనిండా నగలతో ఒక ఆడమనిషి నవ్వతా ఉంటుంది.
నిమిషాల్లో అప్పంట.
నేనూ చిగురనుకొనే మెట్లెక్కినాను.
కమ్మలు ఇంకా ఆడనే ఉండాయి.
తూట్లు పూడిపోకుండా చెవులకు చీపురు పుల్లలు.

వారానికి రెండు దినాలు లెక్క.
గళ్ల నోటుబుక్కులో తేదీ, రేకు నెంబరు, ఎన్ని.
మొన్న మాపటేళ గురవారెడ్డి
ఎవురూ చూడకుండా వచ్చి
ఆముదం లీటరు ఎంతని అడిగిపోయినాడు.

నిన్న ఏడో రేకు మీద
దోమల నడుమ ఒక అక్షింతల పురుగు.
ఎర్రటి వీపు, నల్ల చుక్కలు,
కాళ్లు ఇంకా ఆడిస్తా ఉండాది.
"అయ్యో, అది మన పక్కది పెద్దమ్మా,
పేనుబంకను తినేది."
రేకుకేం తెలుసు, ఎవురు ఎవురి పక్కో.

కుడి చెవి పుల్ల తీసి
ఒక్కొక్క కాలే విడిపించినాను.
రెక్కలకు జిగురు. ఎగరలా.
సోయా ఆకు మీద దించితే
అంచు దాకా నడిచి నిలబడిపోయింది,
తెలీని ఊర్లో బస్సు దిగినట్టు.

"ఎన్ని?" పెన్ను పట్టుకొని అడిగింది ముబీనా.
అంతకు ముందే ఎంచింది అరవై నాలుగు.
"అరవై మూడు రాసుకో" అన్నాను.

రేపు రేకులన్నీ వేన్నీళ్లతో కడగాల.
సీసాలో ఆముదం అడుక్కు వచ్చింది.
ఇంటికి పోతా పోతా పుల్ల మళ్లా చెవికి పెట్టుకుంటే
జిడ్డు తగిలింది.