బోర్డు మీద బోర్డు

మా అంగడికి పేరు పెట్టింది మా అత్త.
పెంచలమ్మ సెల్ పాయింట్,
చాకలిపేట, ఎం.సి. రోడ్డు వెనక సందు.
ఆ పేరిప్పుడు బోర్డు కింద, కుడి మూలన,
ఆవగింజంత.

మిగతా బోర్డంతా కంపెనీలదే.
మొదట నీలం వాళ్లొచ్చారు.
నిచ్చెన వాళ్లదే, మేకులు వాళ్లవే,
తెల్లార్లూ వెలిగే లైటూ వాళ్లదే,
కరెంటు బిల్లు మాత్రం నాది.
మూడు నెలలు తిరక్కుండా ఆకుపచ్చ వాళ్లు.
"వాళ్లిచ్చిందానికి రెండింతలు అక్కా" అన్నారు.
నీలాన్ని పీకలేదు. దాని మీదే కొట్టారు.
తర్వాత నారింజ. ఆ తర్వాత మళ్లీ నీలం, కాస్త ముదురు.
వాన పడితే పొరల మధ్య నీళ్లు నిలిచి
నాలుగు రోజులు గుమ్మంలో కారేవి.
ఏ కంపెనీ నీళ్లో చెప్పడం కష్టం.

ఇలియాజు గురించి చెప్పాలి.
నీలం టీషర్టేసి కంపెనీ నా కౌంటరు పక్కన నిలబెట్టిన పిల్లాడు.
వచ్చినవాళ్ల చేతిలో పాత ఫోను చూసి
ఇంట్లో ఎవరో పోయినంత జాలిపడేవాడు.
"కెమెరా అంటే మాదే సార్, ఆ పక్కది మట్టి."
ఆడి నెల తళ్లుబడి అయిపోయేసరికి
ఆకుపచ్చ టీషర్టులో దిగాడు.
అదే నాలుక, అదే జాలి.
"ఏరా, మట్టి అన్నావే?"
"అది పోయిన నెల మట్టి అక్కా."

నెలకి నలభై అమ్మాలి వాడు.
ముప్పైతొమ్మిది దగ్గర ఆగిపోయిన ఆఖరి రాత్రి,
షట్టరు సగం దించాక,
వాళ్లమ్మ పేరు మీద ఒకటి తనే కొన్నాడు, పది వాయిదాల్లో.
ఆమెకి ఎత్తడం రాదు, కట్ చేయడం ఒక్కటే వచ్చు.

ఒక మంగళవారం మధ్యాహ్నం
నా అంగడి ముందు, నా ఫ్యాను గాలిలో,
ఏడుగురు కుర్రాళ్లు తెరల మీద వేళ్లు ఆనించి
ఊపిరి బిగబట్టి నిలుచున్నారు.
పన్నెండింటికి మొదలు. పన్నెండూ ఒకటికి సరుకు ఖాళీ.
నేను కొన్న ధర కన్నా పన్నెండు వందలు తక్కువ.
డిస్ట్రిబ్యూటరు షణ్ముగానికి ఫోన్ చేసి అరిచాను.
కాసేపు పలకలేదు. ఆనక గొంతు తగ్గించి
"నేనూ అందులోనే ఒకటి బుక్ చేశా మేడమ్" అన్నాడు.

ఆ ఏడాది నించి నిచ్చెన ఎవరూ తేలేదు.
లైటు సగం వెలుగుతుంది, సగం గొణుగుతుంది.
ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరుగుతాయని
మా అత్త అనేది.
నిజమే. కానీ నేను లేగని కాదత్తా,
ఆ పక్కనే గడ్డి అమ్ముకునేదాన్ని.

మొన్న ఇలియాజు వచ్చాడు. టీషర్టు లేదు,
వీపు మీద వాడికన్నా పెద్ద నల్ల సంచీ.
మేడ మీద అద్దెకున్న నర్సమ్మాయికి ఫోను తెచ్చాడు,
నా మెట్లే ఎక్కి.
దిగొస్తూ కళ్లు కలపలేదు.
నేనే పిలిచి మజ్జిగ ఇచ్చాను. తాగాడు.
"దీని కెమెరా ఎలా ఉంటుందిరా?"
"అట్టపెట్టె విప్పి చూడనివ్వరక్కా."

పావుగంటకి ఆ పిల్ల కిందికి దిగింది,
కొత్త ఫోనుని కోడిగుడ్డులా రెండు చేతుల్లో పట్టుకుని.
"అక్కా, గ్లాసు వేస్తారా?"

ఫోను అమ్మితే నాకు మిగిలేది ఎనభై.
దాని మీద గాజుపలక అంటిస్తే నూటపది.
ఈ లెక్క ఏ కోటు వేసుకున్నవాడూ వచ్చి నేర్పలేదు.

తెర తుడిచాను. పలక వాల్చాను.
నడిమధ్య ఒక గాలిబుడగ.
దాన్ని అంచుకి తోయడానికి నా దగ్గర
పాత రీచార్జి కార్డు ఒకటుంది.
ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది,
గీకిన అంకెలూ అరిగిపోయాయి.
అంచు మాత్రం ఇంకా తిన్నగా ఉంది.

మెల్లిగా తోశాను.
ఆ పిల్ల ఊపిరాపి చూస్తోంది.