మూలలున్న రాయి

ఉత్తరపు కిటికీ పక్కన నా బల్ల.
ఆంట్వెర్ప్‌లో నవంబరు వెలుతురు
నీళ్లు కలిపిన పాలలా ఉంటుంది.
రాళ్లు చూడటానికి అంతకన్నా నిజాయితీ గల వెలుతురు లేదు.
ఎండలో ప్రతి గాజుపెంకూ మహారాణే.

సెప్పె రావడం ఇది మూడోసారి.
షెల్డ్ నదిలో పూడిక తీసే పడవ మీద పని,
గోళ్ల కింద బురద ఇంకా తడిగానే ఉంది.
మొదటిసారి "గుండ్రటిదే" అన్నాడు:
వాళ్లమ్మది గుండ్రం, అక్కది గుండ్రం,
దుకాణాల అద్దాల్లో పదింట తొమ్మిది గుండ్రం.
రెండోసారి ట్రామ్ టికెట్టు వెనక బొమ్మలు వేసుకొచ్చాడు:
కన్నీటిచుక్క, కొనదేలిన పడవ,
మూలలు కత్తిరించిన చదరం.
చదరం కింద మాత్రం రెండు గీతలు.

నీలి కాగితం మడత విప్పి
రెంటినీ పక్కపక్కన పెట్టాను.
ఇది గుండ్రం. యాభై ఏడు ముఖాలు.
ఎటు తిప్పినా మెరుస్తుంది.
కడుపులో మచ్చ ఉన్నా
గలగలా మాట్లాడి కప్పేసే మేనత్త లాంటిది.
దీన్ని ఇలా చేయడానికి ముడిరాయిలో సగం పైనే
నా చక్రం మీద, ఆలివ్ నూనెలో, పొడైపోయింది.

ఇది చదరం. మెరవదు, చూస్తుంది.
లోపలికి మెట్లు మెట్లుగా దిగుతుంది.
అడుగు మెట్టు మీద నువ్వుగింజలో పాతికో వంతు మచ్చ.
నేను దాచలేను, అదీ దాచుకోదు.

అతను తక్కెట్లో కప్పలా
అటొక గంతూ ఇటొక గంతూ వేస్తుండగా
తలుపు తోసుకుని ఫీన్ వచ్చింది,
స్టేషను అవతలి జూ నుంచి, భోజనం వేళ,
బూట్లకు ఎండుగడ్డి వాసనతో.
ఒకాపీలను సాకే పిల్ల.
ఆమెకు తెలియకూడదన్నాడు పాపం!
నది మనుషుల రహస్యాలు
పోటు వచ్చేదాకానే.

జేబులోంచి రబ్బరు తొడుగు తీసింది.
నమూనా ఉంగరంలో మైనంతో
ఒక్కొక్క రాయీ నిలిపి ఇచ్చాను.
గుండ్రటిది వెన్నలో వేలిలా దూరిపోయింది.
చదరం మూల దగ్గర తగులుకుని
పుటుక్కుమంది.

"అయితే గుండ్రటిదే," అన్నాడు సెప్పె,
బడిలో బయట నిలబెట్టిన పిల్లాడి గొంతుతో.
నేనూ పెన్సిలు అందుకున్నాను.

ఫీన్ ఆ చిరుగులోంచి చిటికెనవేలు బయటపెట్టి చూసుకుంది.
"గుండ్రటిదైతే తీయక్కర్లేదు కదా?"
అక్కర్లేదు. స్నానానికీ, నిద్రకీ.
"తీయక్కర్లేనిదాన్ని
ఉందో లేదో ఎవరు చూసుకుంటారు?
కొట్టం తలుపు పక్కన ఒక మేకుంది.
పొద్దున తీసి దానికి తగిలిస్తాను.
సాయంత్రం చేతులు కడుక్కుని,
పెట్టుకోనా వద్దా అని ఒక్క క్షణం ఆగి,
పెట్టుకుంటాను."

"వద్దా అని కూడానా?"

"కూడానే."

నా వేలికి పదకొండేళ్లు గుండ్రటిది ఉండేది.
కణుపు వాచి, ఆసుపత్రిలో నర్సు
చిట్టి రంపంతో కోసి పళ్లెంలో వేసింది.
అప్పుడు కనిపించింది,
నడుము దగ్గర ఒక ముఖం వంకర.
పగలంతా పరాయి రాళ్ల వంకరలు సరిచేసేదాన్ని.
ఇది వాళ్లకు చెప్పలేదు.
బయానా తీసుకున్నాను.

గుండ్రటిది మళ్లీ నీలి మడతలోకి వెళ్లింది.
రేపు దీనికోసం ఎవరో వస్తారు,
వాళ్ల కారణాలూ మంచివే అయి ఉంటాయి.
చిరిగిన తొడుగు బల్ల మీదే మరిచిపోయింది,
నూనె తుడవడానికి పనికొస్తుంది.

మెట్లు దిగుతూ సెప్పె అడుగుతున్నాడు,
గొంతు తగ్గించాననే అనుకుంటూ:
"ఆ మేకు గట్టిగానే ఉందా?"