గుడ్డులో కిటికీ

వాల్పరైసో కొండ మీద ప్రయోగశాల.
పదో రోజు కోడిగుడ్డుకి
యస్నా చిన్న కిటికీ కోస్తుంది,
పెంకు పొడి లోపల రాలకుండా
ఊపిరి బిగబట్టి.

లోపల ఎర్రటి సన్న దారాలు,
ఇంకా కూత రాని ఒక ప్రాణం.
ఆ పొర మీద పెట్టింది
నువ్వుగింజంత రొమ్ము గడ్డ ముక్క.
సీసా మీద పేరుండదు, నలభై ఏడు, అంతే.
రేవులో చేపలమ్మే ఎర్మిందాదని
తనకి తెలియకూడదు.
తెలుసు.

నడిమధ్య కణాలకి గాలాడదు.
ఊపిరాడనిది ఊరుకుంటుందా?
ఒక ప్రోటీన్‌ని బయటికి పంపుతుంది.
ఇటు. ఇటు రండి.
దానికొచ్చిన మాట అదొక్కటే.

మూడో నాటికి
నెత్తుటి దారులు తల తిప్పాయి,
బండిచక్రం ఆకుల్లా
అన్నీ దాని వైపే.

దొంగ అందామంటే నోరు రాదు.
ఈ పిలుపే కదా
మొన్న తెగిన తన వేలిని పూడ్చింది.
యస్నా వాళ్ళ పేటలోనూ
పై వాడకి నీళ్ళెక్కకపోతే
రాత్రికి రాత్రి పెద్ద గొట్టానికి
పైపులు తగిలించుకున్నారు.
ఆ నీళ్ళు తాగే తను పెరిగింది.

అయినా
రెండో గుడ్డులో మందు చుక్క వేసింది,
పిలుపు ఎవరి చెవినా పడనివ్వనిది.
అక్కడ కొన్ని దారులు ఆగాయి.
కొన్ని ఆగలేదు.
కాగితం మీద రాసుకుంది:
మొదటి దాంట్లో పదిహేడు. రెండో దాంట్లో తొమ్మిది.
తొమ్మిది తక్కువేం కాదు.

సాయంత్రం రేవులో
ఎర్మిందా చేప తూస్తూ
"పెద్దది పట్టుకెళ్ళు, చిక్కిపోయావు" అంది.
కత్తి పట్టిన ఆ మణికట్టు దగ్గర
నాడి కొట్టుకుంటోంది.
యస్నా లెక్కపెట్టలేదు.