తిరగేసిన రాత

సంతపేట సందులో మొగిలప్ప ప్రెస్సు.
బెల్లం చీటీలు, మామిడి రసం లేబుళ్లు
నలభై ఏళ్లు రాతి మీద తిరగేసి రాసిన చెయ్యి.
ఇంట్లో పాల పద్దు రాసినా
‘క’ ఒక్కోసారి అటు తిరిగే ఉంటుంది.

కుంచె నిండా జిడ్డు సిరా,
ఊపిరి బిగబట్టి
నేను ఒకే ఒక్క విసురు.
చివర్లో కుంచె ఆరి, చీలి,
నలుపు నడుమ రాయి రాయిగానే మిగిలింది.

"ఇది యే అచ్చరం మే?"
ఏదీ కాదన్నాను.
చైనాలో మణికట్టు తిప్పే తీరు,
పారిస్‌లో ఒళ్లంతా ఊపి గీసే తీరు...
చెప్పబోతే నాకే నోరు పెగల్లేదు.

అద్దం తెచ్చి పట్టాడు.
అద్దంలోనూ అది ఏమీ కాలేదు.

స్పాంజితో రాయి తడిపాడు.
నీళ్లు జిడ్డును ముట్టకుండా తొలిగి నిలబడ్డాయి.
రోలరు, కాగితం, బరువు.
మెల్లగా అంచు లేపి
ఆ తెల్లటి చీలికల మీద వేలు ఆనించి ఆనించక
"నీవా ఏరు" అన్నాడు.
"నా చిన్నప్పుడు ధార తెగిందే,
సరిగ్గా ఈడనే."

రెండో ప్రతి నాకివ్వలేదు.
లేబుళ్ల బీరువాలో పెట్టుకున్నాడు.
అడిగినప్పుడల్లా
ఇంకా తడి ఆరలేదంటాడు.