స్థిరాస్తి

తెలావి కోర్టు నుంచి వచ్చిన కుర్ర గుమాస్తా
బూట్లు విప్పలేదు.
ఇల్లు ఎవరిదో తేలందే
విప్పమని ఎవరు చెప్పాలి?

కదిలేవన్నీ ఒక కాగితం మీద.
కదలనివి ఇంకో కాగితం మీద.

కుట్టుమిషను నాది. ద్రాక్ష తొక్కే తొట్టి జుంబర్‌ది.
అక్రోటు చెక్క బల్ల వాళ్ళ నాన్న చేసింది, వాళ్ళకే.
బల్ల మీద వేడి గిన్నె మచ్చ మాత్రం నాది,
రాసుకో బాబూ, అన్నాను.
రాసుకోలేదు.

ఆరు కాఫీ కప్పుల్లో ఐదే ఉన్నాయి.
ఆరోది పగలగొట్టింది వాళ్ళ అమ్మ.
ఆ పూట మేమిద్దరం ఒప్పుకున్న సంగతి
అదొక్కటే.

పరుపు దగ్గరికొచ్చేసరికి
ముగ్గురం కాసేపు కిటికీలోంచి
మంచుకొండల్ని చూశాం.

ఆఖర్న వైన్ కొట్టు.
నేలలో ఒక నోరు, నోటి మీద రాతి పలక,
పలక చుట్టూ మెత్తిన తడిమన్ను.
కింద క్వెవ్రీ, మెడదాకా భూమిలో పాతిన మట్టి కాగు,
వాళ్ళ ముత్తాత నాటిది.
"పైకి తీయొచ్చా?" అన్నాడు కుర్రాడు.
జుంబర్ నవ్వాడు, ఎన్ని నెలలకో.
"తీయొచ్చు. పెంకులొస్తాయి."

కాగు స్థిరాస్తి, భర్తకి.
లోపలి వైన్ చరాస్తి, చెరి సగం.

అక్టోబర్లో పోసినప్పుడు మేం మొగుడూపెళ్ళాలమే.
ఏప్రిల్లో మూత తీసేనాటికి కాదు.
మట్టి కింద దానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.
దాని మానాన అది పులిసింది,
దాని మానాన తేరుకుంది.

పొడుగు కర్రకి కట్టిన సొరబుర్రతో తోడుతూ
నీదొకటి, నాదొకటి అని లెక్కపెట్టాడు.
నూట నలభై దాటాక తప్పిపోయి,
"ఇది ఎవరిది?" అన్నాడు.
"నీదే, పొయ్యి," అన్నాను.
నిజానికి నాది.

అడుగున మడ్డి మిగిలింది.
మడ్డి ఏ కాగితంలోనూ లేదు.
కడక్కపోతే వచ్చే యేటి పంట పాడు.
జుంబర్ భుజాలు ఆ మెడలో పట్టవు.
ఎప్పుడూ దిగేది నేనే.
మా చెల్లెలి కొడుకు దిగుతాడులే, అన్నాడు
నీళ్ళు నములుతూ.
వాడికి పదకొండేళ్ళు.

చెప్పులు విప్పాను.

నిచ్చెన. దీపం. చెర్రీ బెరడు కుచ్చు.
కాగు అడుగున గాలి మంచిది కాదు.
దిగినవాళ్ళకి హాయిగా నిద్ర వస్తుంది,
మళ్ళీ లేవరు.
అందుకే పైనున్న మనిషి పిలుస్తుండాలి,
కిందున్న మనిషి పలుకుతుండాలి.
మర్యాదకి కాదు, ప్రాణానికి.

"లమారా, ఉన్నావా?"
"ఉన్నా."
గోడ రుద్దాను. తేనెమైనం వాసన.
"ఉన్నావా?"
"ఉన్నా."
నీళ్ళు దింపాడు. చీకటి దానంతటదే
నా గొంతును గుండ్రంగా చేసి తిరిగిస్తోంది.
"ఉన్నావా?"

పైన ఇంట్లో, పదహారేళ్ళలో
ఇద్దరం ఒకర్నొకరం ఈ మాట అడగలేదు.
అక్కడ గాలి
బాగానే ఉందనుకున్నాం.

"లమారా!"
"ఉన్నానయ్యా, ఉన్నా."

పైకొచ్చాక చెయ్యి అందించాడు, పట్టుకున్నాను.
మడ్డి ఇద్దరికీ అంటింది.

నా వాటా ఎనిమిది డబ్బాలు, మా అన్న ట్రక్కులో.
ఒకదానికి మూత చాలక
మొక్కజొన్న కండె బిగించాను.
వచ్చే యేటికి సన్నటి మనిషిని చూసుకో, అన్నాను,
పిలవడం మాత్రం మానకు.

రెండో మలుపులో కండె ఊడింది.
తెలావి దాకా రోడ్డు పొడుగునా
నా వాటా.